పాత కేసు ఉంటే శిక్ష డబుల్ అవుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మా తమ్ముడు 2021లో బైక్ దొంగతనం కేసులో దొరికాడు, ఒప్పేసుకుంటే రిమాండ్‌లో ఉన్న రోజులే శిక్ష కింద పోతాయని ఎవరో చెబితే అలాగే ఒప్పుకుని ఇంటికొచ్చేశాడు. తర్వాత ఇంకో కేసు పెట్టారు, అది కోర్టు కొట్టేసింది. ఇప్పుడు సెల్‌ఫోన్ కొట్టేశాడని మళ్ళీ పట్టుకెళ్ళారు, ఆ ఫోన్ మూడు వేలు కూడా చెయ్యదు. స్టేషన్‌లో ఏమో "వీడికిది మూడో కేసు, ఈసారి పదేళ్ళే" అంటున్నారు. నిజమేనా అండీ?
– ఒక అక్క, తెనాలి

జవాబు: స్టేషన్ లెక్క వేరు, కోర్టు లెక్క వేరమ్మా. శిక్ష పెంచాలంటే ఎన్ని కేసులు పెట్టారని కాదు, ఎన్నిట్లో నేరం రుజువై శిక్ష పడిందని చూస్తారు. కొట్టేసిన కేసు లెక్కలోకి రాదు, సస్పెక్ట్ షీట్ (అనుమానితుల మీద స్టేషన్‌లో పెట్టే రికార్డు) తెరిచినా అది శిక్ష కాదు. బెయిల్ దగ్గర మాత్రం పాత కేసులన్నీ రిమాండ్ రిపోర్ట్‌లో రాసి చదువుతారు, అక్కడ ఇబ్బందే.

అసలు చిక్కు 2021 కేసే. ఒప్పేసుకున్నాడు కాబట్టి అది పక్కా శిక్ష, ఎన్నాళ్ళు లోపలున్నాడన్నది కాదు ముఖ్యం. భారతీయ న్యాయ సంహిత 303(2) ప్రకారం దొంగతనానికి మొదటిసారి మూడేళ్ళ దాకా, రెండోసారి అయితే కనీసం ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్ళు. ఆ పదేళ్ళ మాట అదే సంహితలో పాత శిక్ష ఉన్నవాళ్ళకి శిక్ష పెంచే 13వ సెక్షన్‌ది, అందులో యావజ్జీవం కూడా ఉంది, కానీ అది పైహద్దు, ఫోన్ కేసులో అంత వేస్తారని భయపడక్కర్లేదు. పైగా పాత శిక్ష ఐపీసీ (న్యాయ సంహితకి ముందున్న పాత చట్టం) కింద పడింది, 303(2)లో "ఈ సెక్షన్ కింద" రెండోసారి అని ఉంది కాబట్టి ఇది రెండోసారి కింద రాదని మీ లాయర్ గట్టిగా వాదించుకోవచ్చు.

నన్నడిగితే ఏళ్ళు పెరగడం కన్నా తలుపులు మూసుకుపోవడమే పెద్ద నష్టం. ఐదు వేల లోపు దొంగతనం, మొదటిసారి, వస్తువు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో పోతుంది, మీవాడికి ఆ ఛాన్స్ కష్టం. మంచి నడవడిక బాండ్ మీద వదలడమూ అంతే. ఫోన్ యజమానితో రాజీ పడదామన్నా, పాత శిక్ష వల్ల ఎక్కువ శిక్షకి లోనయ్యేవాడికి చట్టం రాజీ ఒప్పుకోదు. విచారణ ఖైదీగా ఉన్నా, మొదటిసారి వాళ్ళని గరిష్ఠ శిక్షలో మూడో వంతు దాటితే వదులుతారు, మిగతావాళ్ళకి సగం గడవాలి. కోర్టులో ఒప్పేసుకోమని సలహా ఇచ్చినాయన ఇవేవీ చెప్పుండడు!

ఒకటి గుర్తుపెట్టుకోండి, పాత శిక్ష ఉందని ప్రాసిక్యూషనే నిరూపించాలి, తీర్పు సర్టిఫైడ్ కాపీనో జైలు సర్టిఫికెట్టో పెట్టి, ఆ మనిషి ఇతనేనని కూడా చూపాలి. కాబట్టి ముందు పాత కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి ఆ తీర్పు తెచ్చుకోండి, ఏ సెక్షన్ కింద పడిందో చూడండి. లాయర్‌కి డబ్బుల్లేకపోతే తెనాలి కోర్టులోనే మండల లీగల్ సర్వీసెస్ కమిటీని అడగండి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. అప్పటిదాకా తమ్ముడిని కోర్టులో ఏదీ ఒప్పుకోవద్దనండి.