శాపం పోవాలంటే తూము తెరవాలి

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు రాస్తున్న సీరియల్‌కి పంపిన నలభై ఎపిసోడ్ల వన్‌లైన్, అంటే ఎపిసోడ్ల వారీ క్లుప్త కథ, రెండుసార్లు చదివాను. తాత తన మడులకు నీళ్లు చాలవని చెరువు తూము మూయించడం, చివరి ఆయకట్టులో ఎకరం చేను ఎండిపోయిన ఆవిడ గట్టు మీద నిలబడి "నా నోట్లో మన్ను కొట్టావు, మీ ఇంట మగబిడ్డ ముప్పై దాటడు" అనడం, ఆ మాట ప్రకారమే కొడుకు పోవడం, ఇప్పుడు మనవడికి ఇరవై తొమ్మిది నిండడం చాలా బాగున్నాయి. తాత చేసిన తప్పు మన ఊళ్లలో జరిగే తప్పే కాబట్టి చూసేవాళ్లకు వెంటనే తగులుతుంది.

నాకు బాధ కలిగించింది ముప్పై ఎనిమిదో ఎపిసోడ్. హీరో గుహలోకి వెళ్లి, కాపలా పామును చంపి, మణి తెచ్చి నుదుట ఆనించగానే శాపం పోయిందని రాశావు. ఆ పాము ఏం పాపం చేసిందమ్మా? ఆ మణికీ, ఎండిపోయిన ఆ ఎకరానికీ ఏమిటి సంబంధం?

భారతంలో నహుషుడనే రాజు కథ గుర్తు తెచ్చుకో. ఇంద్రపదవి రాగానే కళ్లు నెత్తికెక్కి ఋషుల చేత పల్లకీ మోయించాడు, అగస్త్యుణ్ణి కాలితో తన్నాడు, కొండచిలువై అడవిలో పడ్డాడు. తర్వాత ఎప్పుడో ఆ పాముకు భీముడు చిక్కాడు. అంతటి బలశాలి ఆ చుట్టల్లోంచి కదల్లేకపోయాడు. వదిలించింది ధర్మరాజు. గద ఎత్తలేదు, పాము అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. మనిషి గొప్పతనం పుట్టుకలో లేదు, నడవడిలో ఉందన్నాడు. పదవి చూసుకుని మిడిసిపడ్డవాడికి విమోచనం ఆ మాటతోనే వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో తాళం చెవి కూడా అక్కడే ఉంటుంది. నీ కథలో ఆ చోటు తూము.

ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక సీరియల్‌కి డైలాగులు రాస్తున్నప్పుడు, రేటింగ్ తగ్గిందని ట్రాక్ త్వరగా ముగించమన్నారు. ఏడాదిగా నడిపిన శాపాన్ని ఒక తాయెత్తుతో ఒక్క ఎపిసోడ్‌లో తీసేశాను. ఆ వారమే రైతుబజార్లో ఆకుకూరలమ్మే ఆవిడ నన్ను గుర్తుపట్టి, తోటకూర కట్ట సంచిలో వేస్తూ అడిగింది: "తాయెత్తుతో పోయేదానికి ఆ పిల్లని ఏడాది ఏడిపించారేంటి సార్?" ఆవిడ రోజంతా ఎండలో నిలబడి, ఇంటికెళ్లి వంట చేసుకుంటూ మన కథ చూసిన మనిషి. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇక నీ కథకు నేను చెప్పేది ఇదీ. మూడో ఎపిసోడ్‌లో ఆవిడ శపించేటప్పుడు ఒక్క మాట చేర్చు: "నా చేను మళ్లీ తడిసేదాకా." ఈ మాటను ఇంట్లోవాళ్లంతా విన్నారు, విన్నదాన్ని తమకు వీలుగా అర్థం చేసుకున్నారు. తాత ఆ ఎకరాన్ని కారుచౌకగా కొనేసి, బోరు వేయించి తడిపేశాడు. చేను పచ్చబడింది, అయినా కొడుకు బతకలేదు. ఎందుకని ఇరవై ఎపిసోడ్లు ప్రేక్షకుల్ని ఆలోచించనీ. ఒక రాత్రి హీరో పాత పట్టాదారు పాసుపుస్తకం తిరగేస్తుంటే అందులో ఆ ఎకరానికి తాత పేరు కనబడుతుంది. ఆవిడ అన్నది "నా చేను" అని. వీళ్లు తడిపింది వీళ్ల చేను! ఆ సీన్‌కి మ్యూజిక్ కూడా వద్దు, వేలు ఆ పేరు మీద ఆగితే చాలు.

అక్కణ్ణుంచి దారి నీకే కనబడుతుంది. ముందు ఆ ఎకరం ఆవిడ మనవరాలి పేర రిజిస్ట్రేషన్ చేయించాలి. తర్వాత తూము ఎత్తాలి. హీరో ఇంటివాళ్ల వరి పొట్ట దశలో, అంటే వెన్ను బయటికి రాకముందు దశలో, ఉంది; నీళ్లు కిందికి వదిలితే గింజ పట్టదు. అందుకే బాబాయిలు కర్రలతో తూము మీద నిలబడతారు. నీకు ఫైట్ కావాలంటే పాముతో అక్కర్లేదు, ఇక్కడ పెట్టుకో. ఆ ఏడాది పంట పోవాలి, పోయిన పంట తిరిగి రాకూడదు. క్షీణించిపొమ్మన్న దక్షుడి శాపం సడలిన తర్వాత కూడా చంద్రుడు నెలనెలా క్షీణిస్తూనే ఉన్నాడు కదా.

ఆ మనవరాలే హీరోయిన్ అని చివర్లో బయటపెట్టే ఆలోచన మానుకో. ప్రేమించింది కాబట్టి క్షమించేసిందంటే తాత చేసిన అన్యాయం చిన్నదైపోతుంది. ఆ పిల్ల వేరే మనిషిగానే ఉండనీ. కాగితాలు చేతిలో పెట్టినా, వెంటనే కరగకుండా కాసేపు కోపంగానే చూడనీ. భారతంలో ఉదంకుడనే ముని శిష్యుడు పౌష్యుడనే రాజును శపించి, తర్వాత మెత్తబడి గడువు తగ్గించాడు. పౌష్యుడు మాత్రం తానిచ్చిన ప్రతిశాపాన్ని వెనక్కి తీసుకోలేకపోయాడు. అందరి మనసూ ఒకేలా కరగదు.

ఇంకొకటి, ఇది బతిమాలి చెబుతున్నాను. శపించిన ముసలావిడ చేతికి నిమ్మకాయలు, పసుపు బొమ్మలు ఇవ్వకు. చేతబడి చేసిందన్న అనుమానంతో మన పల్లెల్లో ఒంటరి ఆడవాళ్లను కొట్టి చంపిన సంఘటనలు ఉన్నాయి. ఆవిడ దగ్గర ఉన్నది కడుపుమంట ఒక్కటే, అదే చూపించు. అలాగే ఇంట్లో కష్టాలున్నవాళ్లు మన సీరియల్ చూసి దోష నివారణకని అప్పు చేసి డబ్బు పోసే పూజ ఏదీ పెట్టకు.

విమోచనం సీన్‌లో గ్రాఫిక్స్ మెరుపులు వద్దు. ఎండిన కాలవలోకి నీళ్లు రావడం దగ్గర నిలబడి చూశావా? నీళ్లకన్నా ముందు ఎండుటాకులు, పుల్లలు, మురికి నురగ జరుగుతూ వస్తాయి. నెర్రెల్లోంచి చీమలు గుడ్లు నోట కరచుకుని గట్టెక్కుతాయి. నెర్రెలు గుటకలేస్తున్నట్టు బుడగలొస్తాయి. కెమెరాని నేలకు దించి అది తీయమను. హీరో ముఖం ఆ తర్వాత.

మర్నాడు అతని పుట్టినరోజు. వాళ్లమ్మ తెల్లవారుజామున లేచి, తలుపు సందులోంచి కొడుకు ఊపిరి తీస్తున్నాడో లేదో చూస్తుంది. ఆ ఒక్క ఎపిసోడ్‌కి డైలాగులు రాసి నాకు పంపు. ఆదివారం ఇంట్లోనే ఉంటాను, మీ అత్తయ్య నిన్ను భోజనానికి రమ్మంది.

ఇట్లు,
మీ మావయ్య