పట్టాల ముచ్చట్లు: యునాన్ కొండల్లో ఫ్రెంచి రైలు

ప్రశ్న: షాంఘై దగ్గర ఇంగ్లీషువాళ్లు వేసిన మొదటి రైలును చైనా ప్రభుత్వం కొని మరీ పీకించేసిందని చదివాను. అంత పంతం పట్టినవాళ్లు తర్వాత ఫ్రెంచివాళ్లను నైరుతి మూలనున్న యునాన్ రాష్ట్రం దాకా రైలు వేసుకోవడానికి ఎలా రానిచ్చారు? అది మన నిజాం రైల్వే లాంటిదేనా? – ఒక పాఠకుడు, గిద్దలూరు

జవాబు: మీరు చదివింది నిజమే. 1876లో షాంఘై నుంచి వూసుంగ్‌కు వేసిన చిన్న లైను అది. మరుసటి ఏడాదే అప్పట్లో చైనాను ఏలిన చింగ్ రాజవంశపు ప్రభుత్వం దాన్ని కొని పట్టాలు పీకించింది. అప్పటికి వాళ్లకు కాదనే బలం ఉంది. 1895లో జపాన్ చేతిలో ఓడిపోయాక ఆ బలం పోయింది. 1896లో రష్యా మంచూరియా మీదుగా లైను వేసుకునే హక్కు తీసుకుంది, 1898లో జర్మనీ షాన్‌డాంగ్‌లో తీసుకుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫ్రాన్సు, తన చేతిలో ఉన్న టోంకిన్, అంటే ఇప్పటి ఉత్తర వియత్నాం సరిహద్దు నుంచి యునాన్ రాజధాని కున్‌మింగ్ దాకా రైలు హక్కు అడిగి పుచ్చుకుంది. రానిచ్చారు అనడం కంటే తలుపు తోసుకుని వచ్చారు అనడమే సబబు.

నిజాం రైల్వేతో పోలిక కొంతవరకే కుదురుతుంది. అక్కడా ఇక్కడా విదేశీ కంపెనీయే. కానీ మన దగ్గర కంపెనీ లండన్‌లో ఉన్నా, పెట్టుబడి మీద వడ్డీకి హామీ ఇచ్చింది నిజాం సర్కారు. 1930లో రైల్వేను కొనేసింది కూడా ఆ సర్కారే. యునాన్ లైనుకు హామీ పడింది ఇండోచైనాలోని ఫ్రెంచి ప్రభుత్వం. చైనా భూమి ఇచ్చింది, మనుషుల్ని ఇచ్చింది. లైను మీద అజమాయిషీ మాత్రం దానికి లేదు.

ఇక అసలు నేను చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. మీరు గిద్దలూరు వారు కాబట్టి నల్లమల ఘాట్ సెక్షన్ మీకు తెలిసే ఉంటుంది. నేను గుంటూరు–గుంతకల్లు లైను మీద పనిచేసినప్పుడు అది మీటర్ గేజే, అంటే రెండు పట్టాల మధ్య ఎడం ఒక మీటరు. యునాన్ లైనూ అదే గేజు. దిగువమెట్ట, చెలమ వైపు డ్యూటీ పడితే వానాకాలంలో మా గ్యాంగ్‌మన్లు ఒకరి తర్వాత ఒకరు మన్నెం జ్వరంతో, అదే మలేరియాతో పడిపోయేవాళ్లు. పొద్దున బాగానే సుత్తి పట్టిన మనిషి మధ్యాహ్నానికి గోనెపట్టా కప్పుకుని ఎండలో వణుకుతూ కూర్చునేవాడు. మాకు మాత్రలు ఉన్నాయి, డాక్టరు ఉన్నాడు. అయినా అంత టెన్షన్. అందుకే యునాన్ లైను వెళ్లే నాంటి లోయ గురించి చదివినప్పుడు నాకు మనసు కుదుటపడలేదు.

సరిహద్దులో ఉన్న హెకౌ సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. కున్‌మింగ్ ఉన్నది దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో. ఈ రెంటి మధ్య చైనా భాగంలో 465 కిలోమీటర్ల లైను. హెకౌ దాటగానే రైలు నాంటి నది లోయలోకి దూరి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. 40 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి, కర్వుల వ్యాసార్థం 100 మీటర్లు. ఆ వాలు మీద, ఆ మలుపుల్లో బండి లాగడం ఎంత కష్టమో ఘాట్‌లో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. పని 1904లో మొదలైంది. కూలీలను చుట్టుపక్కల నుంచే కాదు, గ్వాంగ్‌షీ, గ్వాంగ్‌డాంగ్ నుంచి, ఎక్కడో ఉత్తరాన చలిదేశమైన టియన్‌జిన్ నుంచి కూడా తెచ్చారు. ఆ లోయ జ్వరం ఎన్నడూ ఎరగని ఒళ్లు వాళ్లవి. ఆకులూ గడ్డీ కప్పిన పాకల్లో పడుకోబెట్టారు. ఫ్రెంచివాళ్ల లెక్కల ప్రకారమే సుమారు 60,000 మంది కూలీల్లో 12,000 మంది చనిపోయారు, అందులో అత్యధికులు నాంటి లోయలోనే. చైనావాళ్ల అంచనాలు అంతకంటే చాలా ఎక్కువ.

నాకు కోపం తెప్పించేది ఇదే: మలేరియాను దోమ మోస్తుందని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే 1897లో కనిపెట్టాడు. అంటే నాంటిలో మొదటి గడ్డపార దిగడానికి ఏడేళ్ల ముందే. క్వినైన్ అంతకు ఎంతో ముందు నుంచే ఉంది. తెలియక పోయిన ప్రాణాలు కావవి.

ఇంజనీరింగ్ పనితనం గొప్పదా అంటే, గొప్పదే. అది కాదనను. లోయలో ఒకచోట రెండు నిట్రగోడల్లాంటి కొండలు, వాటి మధ్య నది. పట్టాలు ఈ కొండ సొరంగంలోంచి బయటికొచ్చి వెంటనే ఆ కొండ సొరంగంలోకి దూరాలి. పునాది వేసి స్తంభం లేపడానికి చోటు లేదు. పాల్ బోడాఁ అనే ఇంజనీరు స్తంభాల్లేని ఉక్కు వంతెన గీశాడు. ఒక్కో కొండకు ఒక్కో ఉక్కు త్రికోణాన్ని నిలువుగా బిగించారు. గొలుసులతో రెంటినీ మెల్లగా వాల్చి నది మీద నడుమన ఒకదానికొకటి ఆనించారు, దాని మీద గర్డరు పరిచారు. ఆ గొలుసును ముక్కలు చేసే వీల్లేక, కొండదారిలో వందలమంది వరసగా భుజాల మీద మోసుకుపోయారు. ఒకడు కాలు జారితే ముందువాడూ వెనకవాడూ ఏమవుతారో ఆలోచించండి. 1908లో వంతెన నిలబడింది, నేటికీ ఉంది. ఇంజనీరు పేరు అందరికీ తెలుసు. గొలుసు మోసినవాళ్లలో ఒక్కరి పేరూ నాకు దొరకలేదు.

1910 ఏప్రిల్ 1న కున్‌మింగ్‌కు రైలు వచ్చింది. రాత్రిపూట బండి నడిపేవారు కాదు, కాబట్టి టోంకిన్‌లోని హైఫాంగ్ రేవు నుంచి రావడానికి మూడు రోజులు పట్టేది. అయినా గుర్రాల మీద వారాల తరబడి నడిచే దారితో చూస్తే అది ఎంతో నయం. పైకి బట్టలూ కిరసనాయిలూ, కిందికి యునాన్‌లోని గేజియు గనుల తగరం. తగరం కిరాయి మీద కంపెనీ బాగా సంపాదించింది. గేజియు గనుల యజమానులు మాత్రం ఊరుకోలేదు. సొంత డబ్బులతో 1915లో సొంత లైను మొదలుపెట్టారు, అదీ 600 మిల్లీమీటర్ల గేజులో. ఫ్రెంచి బండ్లు తమ పట్టాల మీదికి రాకూడదనే అంత సన్నగా వేశారని అక్కడివాళ్లు చెబుతారు. బీసెజాయ్ స్టేషన్లో రెండు గేజులూ కలిసేవి. తగరం దిమ్మలు ఆ బండిలోంచి ఈ బండిలోకి మనుషులే మోసేవారు. రవాణాకు అది నష్టమే, అయినా వాళ్ల పట్టుదలను నేను తప్పుపట్టలేను.

1937లో జపాన్ దండెత్తి తీరరేవులన్నీ మూసేశాక ఇదే లైను చైనాకు ఊపిరి పోసింది. మందుగుండు వచ్చింది, పెట్రోలు వచ్చింది, 1938లో బీజింగ్, టియన్‌జిన్ విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఎంతోమంది సముద్రం మీద హైఫాంగ్ చేరి ఈ రైల్లోనే యునాన్‌కు వచ్చారు. 1940లో జపాన్ టోంకిన్‌లో అడుగుపెట్టగానే చైనా సైన్యం హెకౌ వంతెనను పేల్చేసి, సరిహద్దు వైపు పట్టాలు తానే పీకేసింది. లైను చైనా చేతికి వచ్చింది 1946 ఒప్పందంతో. పీకిన భాగం మళ్లీ కట్టేసరికి 1957 అయింది.

ప్రశ్న: ఇప్పుడు ఆ రైలెక్కి చూడొచ్చా? – ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: చైనా వైపు పాత లైను మీద దూరప్రయాణం కుదరదమ్మా. 2003లో ప్యాసింజర్ బండ్లు ఆపేశారు. కున్‌మింగ్ నుంచి హెకౌకు 2014లో పూర్తయిన కొత్త లైను మీద వెళ్లొచ్చు. బీసెజాయ్ స్టేషన్‌ను పసుపుగోడలతో అలాగే ఉంచారు, అక్కడికి వెళ్లి చూడొచ్చు. కున్‌మింగ్ ఉత్తర స్టేషన్ దగ్గరున్న రైల్వే మ్యూజియంలో రబ్బరు టైర్లతో పట్టాల మీద నడిచిన ఫ్రెంచి మిషలిన్ రైలుకారు ఉంది. మీటర్ గేజ్ మీదే ప్రయాణం చేయాలని ఉంటే వియత్నాం వెళ్లండి, హనోయ్ నుంచి సరిహద్దులోని లావో కాయ్‌కు రాత్రి రైలు ఉంటుంది.