దమ్ము చక్రాల నట్లు ఎందుకు వదులవుతాయి?

నాట్లకు ముందు నీళ్లు పెట్టిన మడిని బురద చేయడానికి (దమ్ముకు) ట్రాక్టరుకు తగిలించే ఇనుప చక్రాలు ఎంత బిగించినా రెండు గంటలకే నట్లు వదులవుతున్నాయి, ఏ రకం నట్లు కొనాలి అని అడిగారు. నట్లను తిట్టకండి. ట్రాక్టరు రిమ్ముకూ ఇనుప చక్రానికీ మధ్య కూర్చున్న మట్టిని తిట్టండి.

మాది అమలాపురం వైపు. మూడేళ్ల కిందట సార్వాకు, అంటే వానాకాలం వరికి, కాలువ నీళ్లు రాగానే మా డ్రైవరు కుర్రాడు గట్టు మీదే ఇనుప చక్రాలు తగిలించాడు. పానాకు గొట్టం తొడిగి, దాని మీద ఎక్కి నిలబడి మరీ బిగించాడు. "బాబాయ్, ఇక దీన్ని దేవుడు కూడా ఊడదీయలేడు" అన్నాడు. రెండో చుట్టులోనే టకటకమని చప్పుడు. ఆపమంటే, బురదలో ఆ మాత్రం ఉంటుందన్నాడు. మడి సగమైనా కాకముందే చక్రం పక్కకు వాలింది. ఎనిమిది బోల్టుల్లో మూడు తెగాయి, గుండ్రటి రంధ్రాలు కోడిగుడ్ల ఆకారానికి సాగాయి. విప్పి చూస్తే లోపల దాళ్వా (రెండో పంట) నాటి మట్టి, అప్పడమంత మందాన. పొడిగా ఉన్నప్పుడు రాయిలా ఉంటుంది. నీళ్లు తగలగానే కరిగిపోతుంది, అంత మేరా బిగువు పోతుంది. కొత్త చక్రాల మీద దట్టంగా పూసిన రంగు కూడా నలిగి ఇదే పని చేస్తుంది.

రెండు వైపులా కొడవలితో గీకి ఇనుము కనబడనివ్వండి. నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా జతలుగా బిగించండి. జాకీ దించాక మరోసారి. అరగంట దమ్ము చేశాక దిగి ఇంకోసారి. ఈ చివరిదే ఎవరూ చేయరు. గంటల లెక్కన కిరాయి కదా, మీటరు ఆపడం డ్రైవరుకూ ఇష్టం ఉండదు, యజమానికీ ఇష్టం ఉండదు. పైగా ఆ చక్రాలతోనే తారురోడ్డు ఎక్కి పక్క ఊరికి పరుగు. రోడ్డంతా గాట్లు, పళ్లెంలో రాళ్లు పోసి ఊపినట్టు మోత. ఆ దెబ్బలకు ఏ నట్టు నిలుస్తుంది? పోలీసులు కేసు పెడితే మాత్రం రైతును వేధిస్తున్నారంటారు.

మీరు అడగలేదు గానీ, దిగబడితే చక్రాలకు గొలుసుతో దుంగ కట్టి ముందుకు లాగించకండి. చక్రం తిరగక ఇరుక్కుంటే ఇంజను బలమంతా బండి ముక్కును పైకి లేపుతుంది. వెనక్కి తిరగబడితే దూకే వ్యవధి కూడా ఉండదు. రివర్సులో వస్తే సరే, లేదంటే గట్టు మీదికి ఇంకో ట్రాక్టరును పిలిపించుకోండి.