మీ ప్రశ్న - మా జవాబు: వినిపెగ్ సరస్సు దగ్గర చేపలు పట్టాలంటే

ప్రశ్న: మేడం, మాది తిరుపతి. జూన్‌లో కెనడాలో మా పెద్దోడి దగ్గరికి పోతాండాం, వినిపెగ్ సరస్సు పక్కన టెంటు వేసుకుని రెండ్రోజులు చేపలు పడదాం అంటాడు, మా ఆయనకి కల్యాణి డ్యామ్ తప్ప ఏమీ తెలీదు, ఏం చూసుకోవాల?

జవాబు: అమ్మా, ముందు లైసెన్స్. పెద్దవాళ్ళందరికీ మానిటోబా (ఆ సరస్సు ఉన్న రాష్ట్రం) ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి, ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు, విజిటర్లకి రేటు వేరే ఉంటుంది. ఇంకోటి, అక్కడ గాలానికి ఎదురుముల్లు, అంటే కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు, ఉండకూడదు, కొన్నదానికి ఉంటే పట్టకారుతో నొక్కేయమనండి మీ వాడిని.

ఇక చేప సంగతి. అక్కడ అందరూ వెతికేది వాలై, వాళ్ళు పికరెల్ అంటారు, ముల్లు తక్కువ, మన కారం పట్టించి పెనం మీద వేస్తే భలే ఉంటుంది. దాని కళ్ళకి మసక వెలుతురులో బాగా కనిపిస్తుంది కాబట్టి పొద్దు వాలేటప్పుడే బాగా పడుతుంది, కానీ జూన్‌లో అక్కడ పొద్దుగూకేది రాత్రి తొమ్మిదిన్నర దాటాకే, కాబట్టి పిల్లలకి అన్నం ముందే పెట్టేసి కూర్చోండి, లేకపోతే ఆకలికి గోల చేస్తారు.

సరస్సు పెద్దది, లోతు తక్కువ, గాలి లేస్తే అలలు క్షణాల్లో పైకొస్తాయి, చిన్న బోటులో దూరం పోవద్దు, లైఫ్ జాకెట్ తీయొద్దు. రాత్రికి స్వెటర్ కావాలి, మన తిరుపతి జూన్ అనుకోవద్దు! దోమలు మాత్రం దండిగా ఉంటాయి, గడ్డిలో తిరిగొచ్చాక కాళ్ళకి పిడుదులు పట్టాయేమో చూసుకోండి. కట్టెలు మాత్రం ఇంటినుంచి మోసుకుపోకండి, పురుగులు కొత్త చోటికి పాకుతాయని అక్కడే కొనమంటారు.