నిద్రమాత్రల కథ రాసిన అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. పరీక్షల ముందు హాస్టల్ గదిలో పక్క మంచం పిల్ల ఆల్ప్రాజోలం బిళ్లను సగానికి విరిచి ఇస్తూ, "మా అమ్మ రోజూ వేసుకుంటుంది, ఏమీ కాదు" అంటుందే, ఆ మాట బాగుంది. మన కథల్లో నిద్రమాత్రలు ఎక్కువగా చావడానికే పనికొచ్చాయి. ముగింపు దొరకనప్పుడు నేనూ ఆ పనే చేశాను. నువ్వు నిద్ర కోసమే వేసుకునే పిల్లను తెచ్చావు.

మిల్లీగ్రాముల లెక్కలు మాత్రం కొట్టేశాను. నీ కథ చదివి ఎవరూ మోతాదు నేర్చుకోకూడదు.

మందుల దుకాణాన్ని ఒక్క వాక్యంలో దాటేశావేం? ఆ మందు షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ మందుల జాబితాలో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టరులో ఎక్కించి 3 ఏళ్లు దాచాలి. మరి రోగి గడిలో ఎవరి పేరు పడింది? ఫోనులో వాళ్లమ్మ పాత చీటీ ఫొటో చూపించిందా? దుకాణదారు రిజిస్టరు తీశాడా, తీయనే లేదా? ఒక పూట ఏదైనా దుకాణం ముందు నిలబడి చూసి రా.

ఇక ముగింపు. తల్లి వచ్చి మాత్రలన్నీ కాలువలో పారబోసి కూతుర్ని ఇంటికి తీసుకెళ్తుంది, తెల్లారేసరికి పిల్ల కడిగిన ముత్యంలా ఉంటుంది. అలా జరగదమ్మా. నెలల తరబడి వాడిన ఈ మందును ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర బొత్తిగా పట్టదు, ఒక్కోసారి మూర్ఛ వస్తుంది. డాక్టర్లు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు. తల్లి ప్రేమకొద్దీ చేసిన పనే పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది. నువ్వు ముగించిన చోట నాకు కథ అప్పుడే మొదలైనట్టనిపించింది.

నీ కథ నిజామాబాద్ పల్లెది. వాకిట్లో ఊరికే కూర్చున్న తాతను చూసి ఈయనెందుకు అనుకున్నాను. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడుతున్న మందుల్లో ఆల్ప్రాజోలం ఒకటి. కల్లు దొరకని రోజుల్లో అలవాటుపడినవాళ్లు వణుకుతూ ఆసుపత్రుల్లో చేరారు. తాతను ఒకప్పుడు కల్లు మానిన మనిషిని చెయ్యి. మూడో రోజు మనవరాలి చేతిలో టీ గ్లాసు వణికితే, తల్లి జ్వరమనుకుంటుంది. తాత మాత్రం ఆ చేతినే చూస్తూ ఉంటాడు.

తిరగరాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండనీ.