మగ్గం దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లే ముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. ఎనిమిదో తరగతి పిల్లల్ని బండారులంక మగ్గాల దగ్గరికి తీసుకెళ్తున్నానని ఫోన్లో చెప్పగానే ఎంత సంతోషమేసిందో. కానీ ఆగస్టు 7న మాత్రం వద్దమ్మా. చేనేత దినోత్సవమని ఆ రోజు పెట్టుకున్నావని తెలుసు. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని క్లాసులో చెప్పు, చాలు. ఆగస్టంటే కోనసీమలో వానలు, గోదారి వరద. అక్కడివి గుంట మగ్గాలు. కాళ్లు పెట్టుకునే గుంటలోకి ఊట దిగితే నేత ఆగిపోతుంది. సంక్రాంతి సెలవులయ్యాక పెట్టుకో. పొద్దున్నే బయల్దేరితే, పడుగు, అంటే నిలువు పోగులు, సాగదీసి గంజి పెట్టడం కూడా చూడొచ్చు.

నేను మొదటిసారి 60 మందిని ఒక నూలు మిల్లుకి తీసుకెళ్లాను. లోపలికెళ్లాక చెబుదామనుకుంటే, ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. పిల్లలు చెవులు మూసుకుని నడిచి బయటికొచ్చేశారు. ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే చెప్పాల్సిందంతా ముందురోజే చెప్పెయ్యి. ఇంటి నుంచి తలా ఒక పాత చీర ముక్క తెమ్మను. పోగులు లాగించు. నిలువుది పడుగు, అడ్డం వచ్చేది పేక. సెంటీమీటరుకి ఎన్ని పోగులో భూతద్దంతో లెక్కపెట్టించు. అలా లెక్కపెట్టిన పిల్లలు మగ్గం దగ్గర అల్లరి చెయ్యరు.

ఒక్కో మగ్గం దగ్గర ఆరుగురే ఉండాలి. చెప్పులు బయటే వదలాలి. ప్రశ్నల కాగితాలు ఇవ్వకు, రాసుకునే హడావిడిలో చూడటం మానేస్తారు. ఒకసారి మా ముందే పడుగు పోగు తెగింది. నేస్తున్న పెద్దాయన పేక పోగుని అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టి, తెగిన కొస వెతికి పట్టుకుని, వేళ్లు తడి చేసుకుని రెండు కొసలూ మెలేశారు. రెప్పపాటులో అతుక్కుంది. "మళ్లీ చూపించండి తాతగారూ" అందో పిల్ల. ఆయన కావాలనే ఇంకో పోగు తెంపి, నెమ్మదిగా అతికి చూపించారు.

మజూరీ ఎంతొస్తుందని పిల్లలు అడుగుతారు. ఆపకు, అడగనీ. మగ్గం గంట ఆగితే ఆ గంట కూలి పోయినట్టే, కాబట్టి ట్రిప్పు డబ్బులతోపాటే తువ్వాళ్లకీ కొంత వసూలు చేసి, అక్కడే కొనండి.

మీ బస్సు భీమవరం నుంచి పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటుతుంది కదా. వంతెన రాకముందే నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం గురించి చెప్పు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు అక్కడ కొఠీ, అంటే వర్తక కేంద్రం, పెట్టి బట్ట కొని ఓడలెక్కించారు. ఆ ఊరి పేరే వాళ్ల నోట్లో మడపోలమై, ఒక రకం నూలు బట్టకి పేరుగా నిలిచింది. మనూరి పేరు బట్టకుందని తెలిస్తే పిల్లల మొహాలు చూడాలి!

మీ అమ్మమ్మ బండారులంక చీర ముక్క నా పెట్టెలో ఉంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, ముందు దాన్నే చూపిద్దువుగాని.

మీ పెద్దమ్మ