పితికిపప్పు అంటే ఏమిటి? ఎలా వండుతారు?

పితికిపప్పు వేరే పంట కాదు, అనపకాయల్లోని (చిక్కుడు జాతి కాయలు, సొరకాయ కాదు) పచ్చి గింజే. చిత్తూరు వైపు చలికాలంలో, సంక్రాంతి ముందు, ఈ కాయలు బాగా వస్తాయి. ముదిరిన కాయలు ఏరుకోండి, లేత గింజ పితకడానికి పనికిరాదు.

గింజలు ఒలిచి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున ఒక్కో గింజను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి, లేతాకుపచ్చ పప్పు జారి బయటపడుతుంది. ఓపిక కావాలి. అందుకే ఇంట్లో అందరూ గిన్నె చుట్టూ కూర్చుంటారు.

ధనియాలు, కొబ్బరి, గసగసాలు, చెక్క, లవంగాలు, అల్లం, వెల్లుల్లి నూరుకోండి. ఉల్లిపాయ, టమాట మగ్గాక ఆ ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, పప్పు, నీళ్లు, ఉప్పు, కారం వేయండి. కుక్కర్ వద్దు, మెత్తబడి ముద్దయిపోతుంది. మూతపెట్టి సన్నమంట మీద ఉడికిస్తే చాలు. పప్పు మెత్తగా ఉడకాలి, కానీ విడివిడిగా కనిపించాలి. పులుసు కొంచెం పలచగానే దించండి, చల్లారితే చిక్కబడుతుంది.

వేడి రాగిసంగటికి దీన్ని మించిన జోడీ లేదని నా అభిప్రాయం. మిగిలితే మరుసటి పొద్దున దోసెల్లోకి ఇంకా బాగుంటుంది. పితికే తీరిక లేకపోతే తొక్కతోనే వండుకోండి, అదీ కమ్మగానే ఉంటుంది. ఎండు అనుములైతే (ఎండిన అనప గింజలు) మాత్రం రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా ఉడికించాకే తినాలి.